పోలీసు పెద్ద కథ ఎవరు చెప్పాలి



వంటింట్లో ఉన్నా, బస్సులో ఉన్నా, షిఫ్టు దిగి ఇప్పుడే ఇల్లు చేరినా, కాసేపు నాతో ఉండండి. ఒక సినిమా ముచ్చట చెబుతాను. సినిమా అమెరికాది. కానీ ఆ కథ తిరిగి తిరిగి హైదరాబాద్ అంచున ఉన్న మన కొల్లూరు దాకా వస్తుంది.

ఒక పెద్ద గది. బరువైన బల్ల. దాని వెనక ఒక ముసలాయన. ఎదురుగా ఒక కుర్రాడు టైపు మిషన్ ముందు కూర్చున్నాడు. ముసలాయన తన జీవితకథ చెబుతున్నాడు. నేను ఫలానా దొంగను పట్టాను, నేను ఫలానా కేసు ఛేదించాను, నేను లేకపోతే ఈ దేశం ఏమైపోయేదో అంటున్నాడు. కుర్రాడు వింటున్నాడు, టైపు కొడుతున్నాడు. మనం చూస్తున్నాం. ఆయన చెప్పిందల్లా తెర మీద బొమ్మ కడుతోంది. కాబట్టి మనం నమ్ముతున్నాం.

ఆ ముసలాయన పేరు జాన్ ఎడ్గార్ హూవర్. అమెరికా కేంద్ర దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ పేరు వినని వాళ్లు ఉండరు కదా. ఆ ఎఫ్‌బీఐని ఎఫ్‌బీఐగా నిలబెట్టింది ఆయనే. సినిమా పేరు 'జె. ఎడ్గార్'. 2011లో వచ్చింది. క్లింట్ ఈస్ట్‌వుడ్ తీశారు. 'టైటానిక్' కుర్రాడు లియొనార్డో డికాప్రియో హూవర్‌గా వేశాడు.

హూవర్ ఎంత పెద్దవాడో ముందు చెప్పాలి. 1924లో ఆ సంస్థ పగ్గాలు పట్టేనాటికి ఆయనకు 29 ఏళ్లు. 1972లో చనిపోయే రోజు దాకా ఆ కుర్చీలోంచి లేవలేదు. మళ్లీ చెబుతాను. 1924 నుంచి 1972 దాకా. 48 ఏళ్లు, ఒకే కుర్చీ, ఒకే మనిషి. ఈలోగా ఎనిమిది మంది అధ్యక్షులు మారారు. ఆయన మాత్రం మారలేదు.

ఆయన చేసిన మంచి పని ఉంది. దాన్ని కాదనకూడదు. చెల్లాచెదురుగా పడి ఉన్న వేలిముద్రలన్నీ ఒకచోట చేర్చాడు. నేరం జరిగిన చోట దొరికిన ఆధారాన్ని పరీక్షించడానికి ప్రయోగశాల పెట్టాడు. ఒప్పుకునే దాకా కొట్టడం కాదు, రుజువు వెతకాలి అనే పద్ధతికి అది పునాది. ఇవాళ మన దగ్గర క్లూస్ టీమ్ వచ్చి తలుపు గొళ్లెం మీద పౌడరు చల్లి ముద్రలు తీస్తుందే, ఆ దారి వేసిన వాళ్లలో హూవర్ ఒకడు.

సినిమాలో నాకు బాగా నచ్చిన ఒక సీను ఉంది. హూవర్ ఇంకా కుర్రవాడు. హెలెన్ గాండీ అనే అమ్మాయిని పెద్ద లైబ్రరీకి తీసుకెళతాడు. అక్కడ చెక్క సొరుగుల నిండా కార్డులు. ప్రతి పుస్తకానికీ ఒక కార్డు. ఏ పుస్తకం కావాలో చెప్పు, ఎన్ని సెకన్లలో వెతికిపెడతానో చూడు అంటాడు. పరుగెత్తుతాడు, సొరుగు లాగుతాడు, కార్డు చూసి పుస్తకం పట్టుకొస్తాడు. మొహం వెలిగిపోతుంటుంది. దేశంలోని ప్రతి మనిషికీ ఇలాగే ఒక కార్డు ఉంటే నేరం ఎంత తేలిగ్గా పట్టుకోవచ్చో అని ముచ్చటపడతాడు. ఆ అమ్మాయిని పెళ్లి చేసుకుంటావా అని కూడా అక్కడే అడుగుతాడు. ఆమె వద్దంటుంది, కానీ ఆయనకు సెక్రటరీ అవుతుంది. చివరిదాకా ఆయన రహస్యాలన్నీ ఆమె దగ్గరే.

ఆ కార్డు సంగతి గుర్తుపెట్టుకోండి. ప్రతి మనిషికీ ఒక కార్డు. దొంగను పట్టడానికి పుట్టిన ఆలోచన అది. తర్వాత ఏమైంది? కార్డులు ఫైళ్లయ్యాయి. దొంగల ఫైళ్లు మాత్రమే కాదు. మంత్రుల ఫైళ్లు, నాయకుల ఫైళ్లు, నచ్చని వాళ్ల ఫైళ్లు. ఎవరు ఎవరితో తిరిగారు, గదిలో ఏం మాట్లాడారు, అన్నీ. నల్లజాతి వాళ్ల హక్కుల కోసం పోరాడిన మార్టిన్ లూథర్ కింగ్ గదుల్లో కూడా రహస్యంగా మైకులు పెట్టారు. 1964లో కింగ్‌కు ఒక ఆకాశరామన్న ఉత్తరం వెళ్లింది. దానితోపాటు ఒక టేపు. నీ గుట్టు మా దగ్గర ఉంది, నీకు ఒకటే దారి మిగిలింది అన్న అర్థం వచ్చేలా బెదిరింపు. చచ్చిపొమ్మని చెప్పడమే అది. ఆ ఉత్తరం పంపింది ఎఫ్‌బీఐ వాళ్లేనని తర్వాత అమెరికా సెనేట్ విచారణలో తేలింది.

ఆలోచించండి. ప్రజలను కాపాడవలసిన సంస్థ. ఒక పౌరుడికి పేరు లేని ఉత్తరం. కంచే చేను మేయడం అంటే ఇదే.

ఇప్పుడు అసలు సీనుకొద్దాం. సినిమా చివరికి వచ్చింది. హూవర్‌కు జీవితమంతా తోడుగా ఉన్న సహచరుడు క్లైడ్ టోల్సన్. ఆయనా ముసలివాడైపోయాడు. హూవర్ చెప్పి రాయించిన జీవితకథ ఆయన చదివాడు. చదివి, ఎదురుగా కూర్చుని, మెల్లగా చెబుతాడు. ఇందులో చాలా భాగం గొప్పలు, కొన్ని పచ్చి అబద్ధాలు అని. ఆ దొంగకు బేడీలు వేసింది నువ్వు కాదు, వేరే ఏజెంటు అని. ఇంకొకడిని పట్టుకున్నదీ నువ్వు కాదు అని. ఒక్కొక్కటే చెబుతుంటే, మనం ఇంతకుముందు కళ్లారా చూసిన సీన్లే మళ్లీ తెర మీదికొస్తాయి. ఈసారి హూవర్ పక్కన నిలబడి ఉంటాడు. పని చేస్తున్నది మరెవరో.

అంటే మనం ఇంతసేపూ చూసింది ఆ పెద్దమనిషి తన గురించి తాను చెప్పుకున్న కథ. సినిమా అది మనకు చూపించి, నమ్మించి, అప్పుడు అడుగుతుంది, నీకు ఈ కథ ఎవరు చెప్పారో గమనించావా అని. నా దృష్టిలో ఒక పోలీసు పెద్ద మీద తీసిన సినిమా చేయగలిగిన గొప్ప పని అదే. పెద్దమనిషి కథను పెద్దమనిషి నోటితోనే విని ఊరుకోకుండా, పక్కనున్న మనిషిని కూడా అడగడం.

ఇక మన దగ్గరికి వద్దాం.

మన తెలుగులో పోలీసు సినిమాలకు కొదవ లేదు. 1990 చుట్టుపక్కల రోజులనే తీసుకోండి. అప్పుడు రెండు సినిమాలు మన ఊళ్లను ఊపేశాయి. ఒకటి 1989లో వచ్చిన రాజశేఖర్ 'అంకుశం'. రెండోది 1990లో వచ్చిన విజయశాంతి 'కర్తవ్యం'. నేను 'కర్తవ్యం' గురించి చెబుతాను. ఎందుకంటే దాని వెనక నిజమైన మనిషి ఉంది. కిరణ్ బేడీ. మన దేశంలో ఐపీఎస్‌లో చేరిన మొదటి మహిళ. 1972లో చేరారు. ఆమె స్ఫూర్తితోనే ఆ వైజయంతి పాత్ర పుట్టింది. ఎ. మోహనగాంధీ దర్శకుడు, ఎ.ఎం. రత్నం నిర్మాత. మాటలు పరుచూరి సోదరులవి. విజయశాంతికి జాతీయ ఉత్తమ నటి అవార్డు వచ్చింది. తమిళంలోకి డబ్ అయి అక్కడా ఆడింది. హిందీలో ఆమే మళ్లీ నటించింది.

ఆ సినిమా కిరణ్ బేడీ జీవితాన్ని పూసగుచ్చినట్టు చెప్పిన కథ కాదు. అది వైజయంతి కథ. కానీ టోపీ కింద జుట్టు ముడి, చేతిలో లాఠీ, కళ్లలో నిప్పు, ఆ రూపం మన ఆడపిల్లల మనసులో ముద్ర పడిపోయింది. ఇంట్లోంచి బయటికి వెళ్లడానికే అనుమతి అడగాల్సిన రోజుల్లో, ఒక ఆడమనిషి జీపు దిగి రౌడీ కాలర్ పట్టుకోవడం చూశారు. నేను కూడా పోలీసునవుతా అని నోటుబుక్కు వెనక పేజీలో రాసుకున్న పిల్లలు ఎంతమందో. ఆ సినిమాకు నేను ఎప్పటికీ దండం పెడతాను.

ఇక్కడ మనకు ఒక చిత్రమైన బంధం ఉంది. ఆ వైజయంతి ఐపీఎస్, అంటే విజయశాంతి గారు, 2009లో మన మెదక్ పార్లమెంటు స్థానం నుంచి గెలిచారు. మన కొల్లూరు, రామచంద్రాపురం, పటాన్‌చెరు, సంగారెడ్డి, ఇవన్నీ ఆ నియోజకవర్గంలోవే. తెర మీద లాఠీ పట్టిన మనిషికి మనం ఓటు వేసి ఢిల్లీకి పంపించాం. 2025లో మళ్లీ ఒక సినిమాలో ఆమె వైజయంతి అనే పేరుతోనే ఐపీఎస్ అధికారిగా కనిపించారు. 35 ఏళ్ల తర్వాత కూడా ఆ పేరు, ఆ యూనిఫాం జనం మరిచిపోలేదు. తెర మీది పోలీసు బొమ్మకు అంత బలం.

అంత బలం ఉంది కాబట్టే దాన్ని ఒకసారి నిదానంగా చూడాలి.

కిరణ్ బేడీ గారి గురించి దేశమంతా చెప్పుకునే కథ ఒకటుంది. 1982లో ఢిల్లీ ట్రాఫిక్ ఆమె చేతిలో ఉన్నప్పటిది. ప్రధాని ఇందిరాగాంధీ కారును తప్పుడు చోట ఆపారని క్రేన్‌తో లాక్కుపోయారు అని. ఆమెకు క్రేన్ బేడీ అని పేరు కూడా ఉంది. పాఠాల్లో చెప్పారు, సభల్లో చెప్పారు, పిల్లలకు చెప్పారు. మీరూ విని ఉంటారు. మరి ఆ కారును లాగించింది ఎవరు? ఒక సబ్ ఇన్‌స్పెక్టర్. పేరు నిర్మల్ సింగ్. ప్రధాని ఇంటి కారు అని తెలిసినా చలానా రాసి క్రేన్ తగిలించింది ఆయన. పై అధికారిగా ఆమె ఆయన వెనక నిలబడ్డారు. అదీ తక్కువ పని కాదు. కారు తీయించింది నిర్మల్ సింగేనని తర్వాత ఆమే టీవీ ఇంటర్వ్యూలో స్పష్టంగా చెప్పారు. కానీ జనం నోట కథలో సబ్ ఇన్‌స్పెక్టర్ మాయమైపోయాడు. పెద్ద అధికారి మిగిలింది.

హూవర్ సినిమాలో టోల్సన్ చెప్పింది గుర్తుందా? బేడీలు వేసింది నువ్వు కాదు అని. అక్కడ హూవర్ తానే కథ మార్చుకున్నాడు. ఇక్కడ మార్చింది మనం. తేడా ఉంది. కానీ ఫలితం ఒకటే. కథలోంచి చిన్న ఉద్యోగి మాయమవుతాడు.

ఇంకొకటి కూడా మాయమవుతుంది. 1988 జనవరిలో ఢిల్లీ తీస్ హజారీ కోర్టు దగ్గర లాయర్ల మీద లాఠీచార్జి జరిగింది. అప్పుడు ఆ ప్రాంతం కిరణ్ బేడీ అధికారంలో ఉంది. జస్టిస్ వాధ్వా విచారణ జరిపి ఆ లాఠీచార్జిని తప్పుపట్టారు. 'కర్తవ్యం' వచ్చింది ఆ తర్వాత రెండేళ్లకు. అదే అధికారి 1993లో తీహార్ జైలు బాధ్యత తీసుకున్నారు. ఖైదీలకు చదువు, ధ్యానం తెచ్చారు. 1994లో మెగసెసె అవార్డు అందుకున్నారు. లాఠీ దెబ్బలు తిన్న లాయరూ ఆ జీవితంలో ఉన్నాడు, తీహార్‌లో అక్షరాలు దిద్దుకున్న ఖైదీ కూడా ఉన్నాడు. ఇద్దరూ ఒకే మనిషి కథలోని వాళ్లే. ఇద్దరినీ చూపిస్తే ఆమె చిన్నదైపోదు. మనకు నిజంగా అర్థమవుతుంది.

జైలు అనగానే గుర్తొచ్చింది. మన సంగారెడ్డిలోనే పాత జైలు ఉంది. నిజాం నాటిది. ఇప్పుడు మ్యూజియం. కొన్నేళ్ల కిందట అక్కడ 500 రూపాయలు కడితే ఒక రోజు ఖైదీలా ఉండే ఏర్పాటు చేశారు. ఖైదీ బట్టలు, ఖైదీ భోజనం, రాత్రికి తాళం. దూరాల నుంచి వచ్చి ఉండి వెళ్లారు. మర్నాడు తాళం తీస్తారని తెలిసిన జైలు అది. తీస్తారో లేదో తెలియని మనిషి ఎలా ఉంటాడో చూపించగలిగేది కథ మాత్రమే.

ఇప్పుడు కొంచెం బరువైన విషయానికి వస్తున్నాను. మన ఔటర్ రింగ్ రోడ్డు విషయం.

కొల్లూరు పక్కనుంచి పోతుందే, ఆ రోడ్డే. ఇక్కడ ఎక్కితే నేరుగా శంషాబాద్ చేరుకుంటాం. అక్కడ తొండుపల్లి టోల్‌గేటు దగ్గర 2019 నవంబరు 27 రాత్రి ఒక పశువైద్యురాలి మీద జరిగిన అత్యాచారం, హత్య మీకు తెలుసు. దేశమంతా ఆమెను దిశ అని పిలిచింది. నలుగురిని అరెస్టు చేశారు. డిసెంబరు 6 తెల్లవారుజామున చటాన్‌పల్లి దగ్గర ఆ నలుగురూ పోలీసు కాల్పుల్లో చనిపోయారు. అప్పుడు అది సైబరాబాద్ కమిషనరేట్ పరిధి. మన కొల్లూరు పోలీస్ స్టేషన్ ఉన్నదీ సైబరాబాద్ కిందే. అప్పటి కమిషనర్ వి.సి. సజ్జనార్.

ఆ ఉదయం ఏం జరిగిందో గుర్తుందా? జనం పోలీసుల మీద పూలు చల్లారు. ఆడవాళ్లు రాఖీలు కట్టారు. మిఠాయిలు పంచారు. ఆ కోపం అబద్ధం కాదు. ఆడపిల్ల ఉన్న ప్రతి ఇంట్లో ఆ వారం రోజులూ అన్నం సరిగా దిగలేదు. నేను ఆ బాధను తక్కువ చేయను.

పోలీసులు ఏం చెప్పారు? నిందితులు మట్టి కళ్లలో చల్లి, తుపాకులు లాక్కుని కాల్చారు, అందుకే ఎదురుకాల్పులు జరిపాం అన్నారు. సుప్రీంకోర్టు ఒక కమిషన్ వేసింది. జస్టిస్ సిర్పూర్కర్ అధ్యక్షుడు. సభ్యుల్లో ఒకరు సీబీఐ పూర్వ డైరెక్టర్ కార్తికేయన్. అంటే ఆయన కూడా పోలీసు పెద్దే. కమిషన్ హైదరాబాద్‌లో కూర్చుని సాక్షులను విన్నది. కమిషనర్‌గా ఉన్న అధికారిని కూడా పిలిచి ప్రశ్నించింది. 2022 మేలో నివేదిక బయటికి వచ్చింది. అందులో ఏముంది? పోలీసులు చెప్పిన కథ నమ్మదగినది కాదు అని ఉంది. చంపాలనే ఉద్దేశంతోనే కాల్చారని ఉంది. చనిపోయిన నలుగురిలో ముగ్గురు మైనర్లని ఉంది. పదిమంది పోలీసుల మీద హత్య కేసు విచారణ జరగాలని ఉంది. ఆ పదిమందిలో కమిషనర్ లేరు. వ్యవహారం ఆ తర్వాత హైకోర్టుకు వెళ్లింది.

మళ్లీ ఒకసారి వరస చెబుతాను. 2019 డిసెంబరులో కాల్పులు. 2022 మేలో నివేదిక. ఈ మధ్యలో ఏం వచ్చింది? సినిమా వచ్చింది. రామ్ గోపాల్ వర్మ 'దిశ ఎన్‌కౌంటర్' అని ప్రకటించారు. ఆ అమ్మాయి తండ్రి సినిమా ఆపమని హైకోర్టుకు వెళ్లారు. చివరికి పేరు మార్చి 'ఆశ ఎన్‌కౌంటర్'గా 2022 ఆరంభంలో విడుదల చేశారు. నివేదిక జనం చేతికి రాకముందే సినిమా జనం ముందుకు వచ్చింది. కూతురిని పోగొట్టుకున్న తండ్రి, నా బిడ్డ కథ తెర మీద పెట్టొద్దని కోర్టు గుమ్మం ఎక్కాల్సి వచ్చింది. ఈ ఒక్క విషయం చాలు, మనం కథల కోసం ఎంత తొందరపడుతున్నామో చెప్పడానికి.

ఈ మొత్తం కథలో నన్ను అన్నింటికన్నా బాధపెట్టే భాగం వేరే ఉంది. అది కాల్పుల దగ్గర లేదు. ఆ మొదటి రాత్రి దగ్గర ఉంది. బిడ్డ ఇంటికి రాలేదని ఇంటివాళ్లు స్టేషన్‌కు వెళితే, ఇది మా పరిధి కాదు, ఆ స్టేషన్‌కు వెళ్లండి అని తిప్పారని వాళ్లు మొత్తుకున్నారు. కేసు రాయడంలో ఆలస్యం చేశారని ముగ్గురు పోలీసులను సస్పెండ్ కూడా చేశారు. ఆ రాత్రి ప్రతి గంటా విలువైనదే.

అంటే అసలు కథలో ఒక పోలీసు చేయాల్సిన ముఖ్యమైన పని ఏమిటి? పెన్ను పట్టుకుని రాయడం. వెంటనే రాయడం. కానీ ఏ సినిమాలో చూశాం మనం, స్టేషన్ రైటర్ పెన్ను తీసి ఫిర్యాదు రాసుకుంటుంటే నేపథ్య సంగీతం మోగడం? తుపాకీ తీస్తే మోగుతుంది. చెంప పగిలితే మోగుతుంది. రాస్తే మోగదు.

మా కాలనీలో ఒక అక్క ఉంది. కొల్లూరులో కట్టారు కదా డబుల్ బెడ్‌రూం ఇళ్లు, 15,660 ఇళ్లు ఒకే చోట. నగరంలోని ఎన్నో బస్తీల నుంచి వచ్చిన కుటుంబాలు అక్కడ ఉంటున్నాయి. ఈ అక్క ఫ్యాక్టరీలో పనిచేస్తుంది. ఒక రాత్రి షిఫ్టు దిగి వస్తుంటే సర్వీసు రోడ్డు మీద ఎవరో బండి మీద వచ్చి ఫోను లాక్కుపోయారు. ఒక స్టేషన్‌కు వెళ్లింది. రోడ్డుకు ఈ పక్కనా, ఆ పక్కనా అని అడిగారట. ఆమె నాతో చెప్పిన మాట ఇది. "అన్నా, దొంగోడు గుంజుకపోతుంటే నేను రోడ్డు కొలుచుకుంట కూసుంటనా?" అంది. ఫోనులో పిల్లల ఫొటోలు ఉన్నాయి. గ్యాస్ నంబరు, బ్యాంకు మెసేజీలు అన్నీ అందులోనే. రెండో స్టేషన్‌లో ఒక కానిస్టేబులమ్మ కుర్చీ వేసి, మంచినీళ్లిచ్చి, ఫోను కొన్న బిల్లు ఉందా అక్కా అని అడిగి, నంబరు రాసుకుందట. ఆ అక్క ఇప్పటికీ ఆ కానిస్టేబులమ్మ గురించే చెబుతుంది. ఫోను గురించి కాదు.

నాకు ఆ కానిస్టేబులమ్మ మీద సినిమా చూడాలని ఉంది. నిజంగా చెబుతున్నాను.

పోలీసు పెద్దల మీద కూడా సినిమాలు రావాలి. వద్దనడం లేదు. మన నేలలోనే ఎంత కథ ఉందో చూడండి. కె.ఎస్. వ్యాస్ అనే ఐపీఎస్ అధికారి ఉండేవారు. నక్సలైట్లతో పోరాడటానికి గ్రేహౌండ్స్ దళాన్ని తయారుచేసింది ఆయనే. 1993 జనవరి 27న హైదరాబాద్ లాల్ బహదూర్ స్టేడియంలో నక్సలైట్లు ఆయన్ని కాల్చి చంపారు. ఆ కేసులో నిందితుడు నయీం. ఆ నయీం తర్వాత పోలీసులకు పనికొచ్చే మనిషి అయ్యాడని, భూములు, బెదిరింపులు, హత్యలతో పెద్ద గ్యాంగ్‌స్టర్‌గా ఎదిగాడని రాష్ట్రమంతా చెప్పుకుంది. 2016 ఆగస్టులో షాద్‌నగర్‌లో పోలీసు కాల్పుల్లో చనిపోయాడు. ఒక అధికారి ప్రాణం, ఆ అధికారిని చంపాడన్న మనిషి, ఆ మనిషిని ఇన్నేళ్లు ఎవరు కాచారు అనే ప్రశ్న. ఇందులో వ్యాస్ కుటుంబం కన్నీళ్లు ఉన్నాయి. అడవిలో ఎన్‌కౌంటర్లలో బిడ్డలను పోగొట్టుకున్న తల్లుల కన్నీళ్లు కూడా ఉన్నాయి. ఇద్దరినీ ఒకే తెర మీద కూర్చోబెట్టగల దర్శకుడు మనలో ఉన్నాడు. ఆ ధైర్యానికి చప్పట్లు కొట్టే ప్రేక్షకులుగా మనం ఉండాలి.

హూవర్ కథ ఎలా ముగిసిందో చెప్పలేదు కదా. 1972 మే 2న ఆయన తన ఇంట్లోనే పోయాడు. సినిమాలో చూపిస్తారు. అధ్యక్షుడి మనుషులు ఫైళ్ల కోసం ఆఫీసు సొరుగులన్నీ లాగి వెతుకుతుంటారు. లోపలి గదిలో హెలెన్ గాండీ, ఒకనాడు లైబ్రరీలో కార్డులు చూసిన అదే అమ్మాయి, ఇప్పుడు వయసు మళ్లిన మనిషి, కాగితాలు ఒక్కొక్కటే మిషన్‌లో పెట్టి ముక్కలు చేస్తుంటుంది. నిజంగానే ఆమె హూవర్ వ్యక్తిగత ఫైళ్లను నాశనం చేసింది. ఆ తర్వాత అమెరికా కాంగ్రెస్ కమిటీ ముందు సమాధానం చెప్పాల్సి కూడా వచ్చింది.

అమెరికా అప్పుడు ఒక పాఠం నేర్చుకుంది. 1976లో చట్టం చేసింది. ఎఫ్‌బీఐ డైరెక్టర్ ఎవరైనా సరే, పదేళ్లకు మించి ఆ కుర్చీలో ఉండకూడదు. ఒక మనిషి ఎక్కువకాలం ఉంటే ఏమవుతుందో వాళ్లు చూశారు మరి.

మన జబ్బు వేరు. మన దగ్గర పోలీసు పెద్దను రాత్రికి రాత్రి బదిలీ చేస్తారు. మాట వినకపోతే పోస్టింగు లేకుండా కూర్చోబెడతారు. అందుకే 2006లో ప్రకాశ్ సింగ్ కేసులో మన సుప్రీంకోర్టు తలకిందుల మందు రాసింది. రాష్ట్ర డీజీపీకి కనీసం రెండేళ్లు ఆ కుర్చీ ఉండాలి అన్నది. వాళ్లు ఇంతకు మించి వద్దన్నారు. మనం ఇంతకు తగ్గొద్దన్నాం. అక్కడ భయం పోలీసు పెద్దను చూసి. ఇక్కడ భయం పోలీసు పెద్దను ఆడించే రాజకీయ నాయకుడిని చూసి. ఆ తీర్పులోనే మరో మాట కూడా ఉంది. పోలీసుల మీద ఫిర్యాదులు వినడానికి రాష్ట్రంలోనూ జిల్లాల్లోనూ వేరే అథారిటీలు ఉండాలి అని. ఒక చేత్తో అధికారికి రక్షణ ఇచ్చింది, ఇంకో చేత్తో జనానికి ప్రశ్నించే చోటు ఇచ్చింది. రెండూ కలిస్తేనే వైద్యం. మొదటిది మాత్రమే పట్టుకుని రెండోది వదిలేస్తే మనం కూడా హూవర్‌నే తయారుచేసుకుంటాం.

సమయం దగ్గర పడుతోంది. పోయేముందు మీకు పనికొచ్చే ఒక్క మాట. 2024 జులై 1 నుంచి కొత్త చట్టం అమలులో ఉంది. భారతీయ నాగరిక సురక్షా సంహిత. అందులో 173వ సెక్షన్. వారంటు లేకుండానే పోలీసులు అరెస్టు చేయగల నేరం ఎక్కడ జరిగినా సరే, ఏ పోలీస్ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు ఇవ్వవచ్చు. మా పరిధి కాదు అనడానికి వీల్లేదు. దీన్నే జీరో ఎఫ్‌ఐఆర్ అంటారు. వాళ్లు రాసుకుని, సంబంధించిన స్టేషన్‌కు పంపాలి. మీరు నోటితో చెప్పినా సరే, వాళ్లు రాసి, మీకు చదివి వినిపించాలి, అప్పుడే సంతకం పెట్టాలి. ఆ కాపీ మీకు ఉచితంగా ఇవ్వాలి.

ఇంకొకసారి చెబుతాను. ఏ స్టేషన్‌లోనైనా. రాసింది చదివి వినిపించాకే సంతకం. కాపీ ఉచితం. రాత్రి షిఫ్టుకు వెళ్లే మీ ఇంటి ఆడబిడ్డలకు ఈ మూడు ముక్కలూ చెప్పి పెట్టండి.